బేస్‌మెంట్‌లో మెలినోయీ

నేపర్‌విల్‌లో ఆ ఏడు వేసవి సెలవులకు ఇంటికొచ్చిన స్మృతి, మాసిన బట్టల మూటతోపాటు ఒక బొమ్మను కూడా తెచ్చి, బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ పక్క అరలో పెట్టింది. బట్టలు వేద్దామని దిగిన తల్లి శశికళ దాన్ని చూసి కెవ్వుమంది. మూరెడు ఆడబొమ్మ. నిలువునా సగం తెలుపు, సగం నలుపు.

"ఎవరే ఈవిడ?"

"మెలినోయీ. గ్రీక్ గాడెస్ అమ్మా. ఎన్నో వందల ఇయర్స్ నుంచి ఎవరూ పూజ చేయలేదు, పాపం. మా కాలేజ్ క్లబ్ మళ్ళీ స్టార్ట్ చేసింది."

"ఏమిస్తుందట?"

"నైట్‌మేర్స్. దయ్యాల్ని కూడా పంపిస్తుంది. వాళ్ళ అమ్మ పాతాళంకి క్వీన్."

శశికళ మెట్టు మీద కూలబడింది. "అంటే, యముడి కూతుర్ని తెచ్చి నా ఇంట్లో పెట్టావా!"

"గరాజ్ సేల్‌లో పెట్టి అమ్మెయ్," అని నవ్వాడు భర్త జగన్మోహన్. శశికళకు చేతులు రాలేదు. ఎంతైనా దేవత, అందులోనూ ఇన్నేళ్ళుగా పస్తులుంది. కోపం రాదా మరి? పెరుగన్నం కలిపి, అల్లం ముక్కలు వేసి, బొమ్మ ముందు పెట్టి, "చల్లగా చూడు తల్లీ," అని లెంపలు వేసుకుంది.

శనివారం స్మృతి స్నేహితురాలు కేలా వచ్చి ఆ రాత్రి అక్కడే ఉండిపోయింది. క్లబ్బు పెట్టింది ఆ పిల్లే. ఎన్ని కొవ్వొత్తులు వెలిగించినా ఇంతవరకూ ఒక్కరికీ కల రాలేదని ఆమె బాధ.

మర్నాడు పొద్దున జగన్మోహన్ పాలిపోయిన మొహంతో కిందికొచ్చాడు.

"శశీ, మా నాన్న కలలోకొచ్చాడు."

"ఏమన్నారండీ?"

"పంచె కట్టుకుని మన డ్రైవ్‌వేలో నిలబడ్డాడు. ఆ గడ్డి ఎవడు కోస్తాడ్రా, పక్కవాడి లాన్ చూడు, అని తిట్టాడు."

స్మృతి ఇంగ్లీషులో చెప్పగానే కేలా ఆనందంతో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "రాత్రి మిరపకాయ బజ్జీలు ఎక్కువ తిన్నానమ్మా," అని జగన్మోహన్ మొత్తుకున్నా ఎవరూ వినలేదు. సాయంత్రానికల్లా క్లబ్బు పిల్లలంతా కార్లేసుకుని వచ్చి ఆయన చుట్టూ నేల మీద కూర్చున్నారు. మొదటిసారి ఉన్నదున్నట్టే చెప్పాడు. మూడోసారికి మెయిల్‌బాక్స్ పక్కన మెలినోయీ కూడా వచ్చి నిలబడింది. ఆ తర్వాత ఆయన తండ్రి సైకిలు, చుట్టలు, చీటికీమాటికీ తిట్లు, అన్నీ వచ్చాయి. తండ్రి పోయినప్పటి నుంచీ ఈ మనిషి ఆయన ఊసెత్తడం శశికళ ఎరగదు. మెలినోయీ సంగతి అబద్ధమని తెలుసు. అయినా లోపలికెళ్ళి అందరికీ ఉప్మా కలియబెట్టింది.

ఆగస్టులో స్మృతి బొమ్మను తీసుకుని కాలేజీకి బయల్దేరింది. శశికళ పసుపు, కుంకుమ, రవికగుడ్డ పట్టుకుని కారు దగ్గరికొచ్చింది.

"అమ్మా, షీ ఈజ్ గ్రీక్!"

"అయితే ఏం? యముడి కూతురైనా ఆడపిల్లే. వట్టి చేతులతో పంపుతామా?"

స్మృతి నవ్వుతూ రవికగుడ్డ బొమ్మ భుజాల మీద కప్పి, వెనక సీట్లో బెల్టు పెట్టింది.

జగన్మోహన్ కిటికీలోకి వంగాడు. "థాంక్స్‌గివింగ్ సెలవులకి వచ్చేటప్పుడు ఆవిణ్ణి మర్చిపోకు," అన్నాడు మెల్లగా.