సున్నం ఆరేదాకా

పాత చీర పేలికలో సున్నపు నీళ్లు వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపి, బషీరాబీ కట్టెతో తిప్పుతోంది. నీలిమందు ఎక్కువైతే గోడ పీనుగులా కనిపిస్తుంది, తక్కువైతే నాలుగు రోజులకే పసుపు తిరుగుతుంది. ముప్పై ఏళ్లుగా ఈ ఆదోని సందులో ఏటా రంజానుకు ముందు ఆమె చేసే పనే ఇది. కాకపోతే ఇప్పుడు రంజాను లేదు, ఏమీ లేదు.

ఎనిమిదడుగుల ముందుగది. ఇన్నాళ్లూ అదొక దూది కొట్టు. మొగుడు మస్తాన్ వలి దూలానికి తాడు కట్టి, దానికి వేలాడదీసిన విల్లుతో టంయ్ టంయ్‌మని దూది ఏకుతుంటే, ఆమె పక్కన కూర్చుని పరుపులు కుట్టేది. కూడు పెట్టింది విల్లే అయినా ఆయన మనసంతా సన్నాయి మీదే. పెండ్లిళ్ల కాలంలో గోనెగండ్ల, హాలహర్వి, మద్దికెర దాకా పోయి ఊది వచ్చేవాడు. ఇంట్లో మాత్రం ఒక్కనాడూ ఊదలేదు. నోట పెట్టుకునే పీకలో దూది నలుసు చిక్కితే స్వరం చెడుతుందని, సాధనకు రైలుకట్ట దాకా నడిచేవాడు. వానొస్తే గొంగడి కప్పుకుని అక్కడే కూర్చునేవాడు.

"దూది లేని గది ఒగటుంటే సాలు బషీరా," అనేవాడు. ఆమె నవ్వేది. ఎందుకు నవ్విందో తలచుకుంటే ఇప్పుడు తన మీద తనకే ఒళ్లు మండుతుంది. పీకను కాపాడుకున్నాడు గానీ రొమ్మును కాపాడుకోలేదు, పిచ్చిమనిషి! ఆ నలుసంతా అక్కడికే చేరింది. పోయిన నెల డాక్టరు ఆమెను పక్కకు పిలిచి, ఆయన ఏది అడిగితే అది పెట్టమన్నాడు. ఆయన అడిగేది తిండి అయితే కదా!

విల్లును ఎమ్మిగనూరులో ఉండే తన తమ్ముడికి ఇచ్చేసింది. నాలుగు రోజులు దూలాలు దులిపింది. పక్కింటి హమాలీ ఈరన్న ఒక చెక్క బల్ల మోసుకొచ్చాడు.

"యాడ ఏసేదక్కా?"

"కిటికీ కాడ. కాళ్లు సాపుకోనీకి జాగా ఉండల్ల."

"మా పాప పెండ్లికి ఊదినాడు వలన్న. ఈడ ఊదితే మొదాల వచ్చి కూసునేది నేనే."

గోడలకు సున్నం కొట్టింది. విల్లు వేలాడిన తాడుకే సన్నాయిని గుడ్డ చుట్టి కట్టింది. నిలబడి చూసుకుంటే కడుపు నిండినట్టయింది.

"అయిపాయనా?" లోపల కుక్కిమంచం మీంచి గొంతు వినిపించింది.

"అయిపాయ. సున్నం ఆరల్ల."

"ఒగతూరి కూసుంటానే."

ఆమె తటపటాయించింది. సున్నం ఘాటుకు దగ్గు తెర పట్టుకుంటే ఊపిరి తిరగదు. "రేపు పొద్దున కూసుందువులే. ఒక్క దినానికి ఏమైతాది?"

ఆయన తలూపాడు. ఏనాడు కాదన్నాడు గనక! దిండు కింది నుంచి పీక తీసి ఇచ్చాడు. "ఆర్నెల్లాయ, ఎండిపోయింటాది. నానెయ్యి. పొద్దునకి మెత్తగైతాది."

గ్లాసులో నీళ్లు పోసి, పీక వేసి, ముందుగది గూట్లో పెట్టింది. తర్వాత గోడ అడుగున ఎర్రమన్ను పట్టె తీస్తూ కూర్చుంది. లోపల దగ్గు తగ్గింది. నిద్ర పట్టిందిలే పాపం అని సంతోషపడింది కూడా.

పొద్దు గూకి మగ్రిబు అజా అయ్యాక టీ తీసుకుని లోపలికి పోయింది. పిలిచింది. భుజం తట్టింది. దుప్పటి మీద ఆయన వేళ్లు సన్నాయి రంధ్రాలు మూసినట్టే ఒక్కొక్కటీ ఎడంగా ఆని ఉన్నాయి.

ఆమె కేకకు సందంతా వచ్చింది. లోపల నలుగురు నిలబడే చోటు లేదు. ఈరన్న, ఇంకొకాయన కలిసి ఎత్తుకొచ్చి ముందుగదిలోనే పడుకోబెట్టారు. తడి గోడకు ఈరన్న భుజం రాసుకుని సున్నం అంటింది.

"సున్నం ఆరల్లని నేనే ఒద్దంటి గదప్పా ఈరన్నా!" అని బషీరాబీ గుండెలు బాదుకుంది. "ఒగతూరి కూసుంటానన్యాడప్పా... నేనే ఒద్దంటి!"

మర్నాడు మధ్యాహ్నం జొహరు నమాజుకు మట్టి ఇచ్చి వచ్చారు. అందరూ పోయాక ఆమె ఒక్కతే ముందుగది గడపలో కూలబడింది. గోడలు ఆరి తెల్లగా ఉన్నాయి. గూట్లో, గ్లాసు నీళ్లలో పీక మెత్తగా నాని ఉంది.