నాలుగో చెరువు, రెండు గంటలు

"ఏవండీ, రొయ్యలు పైకి తేలిపోతున్నాయి! ఏరియేటర్లు వెయ్యండి!"

గవర్నర్‌పేటలోని చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో, పని మీద వచ్చిన రొయ్యల రైతు వెంకటప్పయ్య ఫోన్ అరిచింది. అవతల ఆయన భార్య మాణిక్యమ్మ. కృత్తివెన్నులో, వాళ్ళ నాలుగో చెరువు గట్టు మీద ఉంది. పొద్దుటి నుంచి మబ్బు. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయింది. అరగంటలో ఏరియేటర్ల చక్రాలు తిరిగి నీళ్ళకు గాలి పట్టించకపోతే, పది రోజుల్లో పట్టాల్సిన పంట మొత్తం చస్తుంది.

గట్టు మీది మోటారు స్టార్టర్ పెట్టె తాళంచెవి ఆయన జేబులోనే ఉండిపోయింది.

"మీ యాప్ ఉందిగా," అని ఎదురుగా కూర్చున్న అమ్మాయితో అంటూ, ఫోన్లోంచే చక్రాలు తిప్పే ఆ యాప్‌లో ఆయన చెరువు 4, గంటలు 2 అని కొట్టాడు.

"తిరుగుతున్నాయి... రెండో చెరువులో!"

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ రెండోదే.

"అమ్మాయ్, నీ కంప్యూటర్‌కి నాలుగంటే తెలీదా?"

ఆ ప్రోగ్రామ్ రాసిన సబీహా తుళ్ళిపడింది. రెండు! అవి ఆయన కొట్టిన గంటలు. ఫోన్ సర్వర్‌కు పంపేది పేర్లు లేని రెండు అంకెలు. ముందు చెరువు, తర్వాత గంటలు. నిన్న సర్వర్‌లో ఆ వరస మార్చి గంటల్ని ముందు పెట్టింది తనే. ఆయన ఫోన్లో ఉన్నది ఇంకా పాత వరసలోనే పంపే పాత యాప్.

"బాబాయ్ గారూ, తిరగేసి కొట్టండి. చెరువు రెండు, గంటలు నాలుగు."

"రెండోదాంట్లో రొయ్యలే లేవమ్మా!"

"తప్పు నాదే. కొట్టండి!"

కొట్టాడు. తర్వాత ఫోన్లో నీళ్ళ హోరు.

"నాలుగోదేనండీ! తిరుగుతున్నాయి!"

వెంకటప్పయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మేం మేత బస్తాకి చీటీ కడతాం. ఏ చెరువుకి, ఎన్ని పూటలకి అని. బస్తాలు ఎలా దింపినా పనోళ్ళు తప్పరు. మీకు ఆ మాత్రం చీటీ లేదా?"

సబీహా కుర్చీ లాక్కుంది. ముందు పాత ఫోన్ల కోసం పాత వరసే తిరిగి పెట్టింది. తర్వాత దాని పక్కనే, కొత్త యాప్ కోసం ఇంకో ప్రోగ్రామ్ రాసింది. అది విడి అంకెలు తీసుకోదు. ఒకే ఒక్క చీటీ తీసుకుంటుంది. లోపల ప్రతి అంకె పక్కనా దాని పేరు. రేపు ఇంకో వివరం చేర్చినా ఒకదాని చోట్లోకి మరొకటి దూరదు.

రెండు గంటలు గడిచి చక్రాలు ఆగేసరికి ఆయన ఫోన్లో కొత్త యాప్ సిద్ధం. చెరువు 4, గంటలు 2. ఈసారి సూటిగానే.

"నాలుగే," అంది మాణిక్యమ్మ. "రొయ్యలన్నీ అడుక్కి దిగిపోయాయి. మేత కూడా తింటున్నాయి. ఈసారి ఊరెళ్తే మాత్రం ఆ తాళంచెవి నాకిచ్చి కదలండి!"