ఒక్క దెబ్బకు గేరు

మా ఆయన పడవల మెకానిక్కు. నోరు తెరిస్తే సలహా, మూస్తే అలక. ఆ ఉదయం రెండూ అయ్యాయి. "నీ తెలివి ఇంటి దగ్గర పెట్టి రా. నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి, చాలు" అన్నాడు. సరే, అలాగే చేస్తానని పంతం పట్టాను.

పడవ ఒడ్డున ఇనుప స్టాండ్ల మీద ఉంది. కొత్తగా బిగించిన షాఫ్టు, అదే ప్రొపెల్లరును తిప్పే ఇనుప కడ్డీ, సరిగ్గా తిరుగుతోందో లేదో నీళ్ళలోకి దించకముందే చూడాలి. నేను పైన ఇంజను దగ్గర, ఆయన కింద ప్రొపెల్లరు దగ్గర. ఇంజను మోతలో మాట వినపడదు కాబట్టి మాది దెబ్బల భాష. ఆయన సుత్తితో పడవ అడుగున ఒక్క దెబ్బ కొడితే గేరు వెయ్యాలి, ప్రొపెల్లరు తిరుగుతుంది; రెండు కొడితే తియ్యాలి, ఆగుతుంది. షాఫ్టు తిరిగే చోట రబ్బరు బుష్షు ఉంటుంది. ఒడ్డు మీద దాన్ని పైపుతో తడుపుతూ ఉండకపోతే నిమిషంలో మాడిపోతుంది. ఆ పైపు నా పక్కనుంచే కిందికి వెళ్తుంది. ఆయన చేతిలో ఉన్నంతసేపూ కదులుతూనే ఉంటుంది.

ఒక్క దెబ్బ. గేరు వేశాను. రెండు దెబ్బలు. తీశాను. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఇంజను ఊరికే తిరుగుతోంది. గేరు పిడి మీద నా చేతికి చెమట పట్టింది.

ఠంగుమని ఒక్క దెబ్బ.

పిడి సగం నెట్టాను కూడా. అంతలో పైపు కంటబడింది. కదలడం లేదు. నీళ్ళు పట్టకుండా గేరు వెయ్యమంటాడా? రబ్బరు మాడితే నా నెత్తిన రుద్దుతాడు! ఈసారి దొరికాడనుకున్నాను. ఇంజను ఆపి, తాళంచెవి లాక్కుని, నాలుగు కడిగేద్దామని గబగబా నిచ్చెన దిగాను.

"ఏమయ్యా, నీళ్ళు పట్టకుండానే కొట్టావేం?"

"నేను కొట్టలేదే" అన్నాడు.

షాఫ్టుకు ఎక్కడిదో పురికొస చుట్టుకుందట. లాగేద్దామని ప్రొపెల్లరు రెక్కల మధ్య చెయ్యి మోచేతి దాకా దూర్చాడు. వేళ్ళు అందులోనే చిక్కుకున్నాయి. నడుముకు దోపుకున్న సుత్తి జారి, చుక్కానికి తగిలి కింద పడింది. ఇంజను ఆపకుండా చెయ్యి పెట్టకూడదని ఊరందరికీ చెప్పే మనిషి!

అక్కడే కూలబడ్డాను.

"నీ చెయ్యి అక్కడుందని నాకు తెలీదు. రబ్బరు మాడుతుందని ఆపాను, అంతే" అన్నాను. దాచుకోలేక ఏడ్చేశాను.

ఆయన చిక్కు విడదీసుకుని చెయ్యి మెల్లగా బయటికి తీశాడు.

"ఇకమీదట రెక్కల్లో చెయ్యి పెట్టేవాళ్ళ జేబులోనే ఇది" అని తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టాను.

ఐదు వేళ్ళూ ఉన్నాయి. భయానికి ఒక్కటీ ముడుచుకోవడం లేదు. నేనే ఒక్కొక్కటీ మూశాను.