చొక్కా బొత్తాలు

అగ్నిమాపక కేంద్రంలో అందరూ అతణ్ణి బక్కోడనే పిలిచేవారు. ఆ పేరు ఎలాగైనా వదిలించుకోవాలని పంతం పట్టాడు మహానుభావుడు. ఒకరోజు డ్యూటీ చేస్తే మర్నాడు విశ్రాంతి తీసుకుని తీరాలని అక్కడి నియమం. ఆ విశ్రాంతి రోజుల్నే దొంగచాటుగా జిమ్ముకి ధారపోశాడు. ఒంటికి కసరత్తు ఎంతో నిద్రా అంతేనని బావ చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. వింటేగా! బావదీ ఆ కేంద్రంలోనే ఉద్యోగం. బక్కోడి మకాం కూడా అక్కాబావల దగ్గరే.

ఒక డ్యూటీ రోజు పొద్దున, ఆ కసరత్తు దెబ్బకి వేళ్ళు వంగనని మొరాయించాయి. చొక్కా బొత్తాలు అక్కే పెట్టింది.

"పెళ్ళీడొచ్చినా ఇంకా పసిపిల్లాడివేరా," అని నవ్వింది.

"బావతో అనకక్కా."

ఆవేళ డ్రిల్లు టవర్ మీంచి మనిషిని తాడుతో దించాలి. తాడుని పైనున్న ఇనుప స్తంభానికి ఒక చుట్టు తిప్పి, కొస పట్టుకున్నవాడు కొద్దికొద్దిగా వదలాలి. ఇన్నాళ్ళూ ఇసుక బస్తాని దించారు. ఇవాళ బక్కోడు బావని దించాలి.

"పట్టు కుదిరిందా?" అన్నాడు బావ, అంచున నిలబడి.

కుదరలేదు. కానీ వెనకాల ఆఫీసరూ తోటివాళ్ళూ అంతా చూస్తున్నారు. చెబితే జన్మంతా బక్కోడే.

"కుదిరింది బావా."

బావ అంచు దాటాడు. బక్కోడికి పైప్రాణాలు పైనే పోయాయి. బిగించిన వేళ్ళు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. తాడు జానెడు జారింది. మళ్ళీ జారింది. కింద బావ గోడకి కాళ్ళు ఆనించి, నింపాదిగా ఈల వేస్తున్నాడు. అక్క మొహం బక్కోడి కళ్ళముందు మెదిలింది.

"పట్టుకోండి సార్, నా చేతులు పని చెయ్యట్లేదు," అన్నాడు.

ఆఫీసరు ఒక్క అంగలో వచ్చి తాడు అందుకున్నాడు. బావ క్షేమంగా దిగాడు.

"పైకెక్కాక చేతులు పట్టేశాయట, పాపం. వాణ్ణేమీ అనకు," అన్నాడు బావ ఇంటికొచ్చి, అక్కతో.

అక్క తమ్ముడి గదిలోకి వచ్చి, చొక్కా విప్పబోయి రెండో బొత్తం దగ్గర ఆగిపోయింది.

"ఇవి పొద్దున నేను పెట్టినవేగా," అంది మెల్లగా.

టవర్ మీద కూడా అతనికి అంత భయం వెయ్యలేదు.

"తెలిసే మీ బావని వేలాడదీశావా?"

అక్క మిగతా బొత్తాలు విప్పకుండానే వెళ్ళిపోయింది. అవి విప్పుకునే సత్తువలేక, బక్కోడు ఆ చొక్కాతోనే పడుకున్నాడు.