నల్లకోటు మీద సుద్ద

కోర్టు నుంచి లా కాలేజీకి రిక్షాలో వెళ్తూ శాంతాదేవి నల్లకోటు కుడిచేతిని దులుపుకుంది. నిన్నటి సుద్ద ఇంకా వదల్లేదు. పగలు వకీలు, సాయంత్రం ప్రొఫెసరు. రెండింటికీ ఒకే కోటు. రైలు డ్రైవరు కూతురు అంతకంటే దుబారా చేయదు.

ఆమె పాఠం చెప్పేది అంతర్జాతీయ న్యాయశాస్త్రం. అందులోనూ సముద్ర చట్టమంటే ప్రాణం. "మన ఊరి అర్పా నదిలోనే నీళ్లు లేవు, మేడమ్‌కి సముద్రం కావాలట" అని తోటి వకీలు రమణబాబు ఇరవై ఏళ్లుగా ఆటపట్టిస్తూనే ఉన్నాడు. ఆమె కూడా నవ్వేసేది. కానీ ఇన్నేళ్లలో ఆ చట్టం మీద ఒక్క కేసూ రాలేదన్న దిగులు లోలోపల తొలిచేసేది. పొట్ట నింపినవన్నీ అద్దె తగాదాలూ, పింఛను కేసులూ.

క్లాసు గది గుమ్మంలో రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్ ఖలాసీ భార్య అప్పయమ్మ కూర్చుని ఉంది. ఆమె తమ్ముడు చిన్నారావు గుజరాత్ పడవలో చేపల వేటకు వెళ్లి, పొరుగు దేశం జైల్లో పడ్డాడు.

"గీత దాటేసినాడంటమ్మా. నీల్ల మీద గీతేటి? ఎవులికి కనిపిస్తాది?"

శాంతాదేవి సుద్దముక్క తీసి బోర్డు మీద తీరం గీసింది, సముద్రంలో సరిహద్దు గీత గీసింది, దానికవతల చిన్న చుక్క పెట్టింది.

"పట్టుకున్నప్పుడు మీ తమ్ముడు ఇక్కడున్నాడు. చేపలు పట్టినందుకు జైల్లో పెట్టకూడదని దేశాలు కలిసి రాసుకున్న మాటుంది. రేపు కోర్టు కాడికి రా, నేను సూస్తాను."

అప్పయమ్మ ఏడుస్తూ దండం పెట్టింది. శాంతాదేవి గుండె మాత్రం సంతోషంతో కొట్టుకుంది. ఒకరి కష్టం తనకు పండగైనందుకు వెంటనే సిగ్గుపడింది.

నెహ్రూ నగర్‌లోని ఇంటికి రాగానే కోటు కుర్చీకి తగిలించి, అన్నం మాట మరిచి అర్జీ రాయడానికి కూర్చుంది. నాలుగు వాక్యాలయ్యాక ఛాతీ పట్టేసినట్టయింది. కాస్త నడుం వాలుద్దామని మంచం మీద ఒరిగింది. మళ్లీ లేవలేదు.

మర్నాడు కోర్టు వరండాలో ఎదురుచూస్తున్న అప్పయమ్మకు ఆ కబురు రమణబాబే చెప్పాడు.

"మరి ఆ గీత సంగతి ఎవులు సూస్తారు బాబూ?"

ఇరవై ఏళ్లు నవ్విన మనిషి తల దించుకున్నాడు. అప్పయమ్మను చివరిచూపుకని వెంటబెట్టుకుని నెహ్రూ నగర్ వెళ్లాడు. వీళ్లు చేరేసరికి శవాన్ని అర్పా ఒడ్డుకు తీసుకుపోయారు. గది కడిగేశారు. కుర్చీకి వేలాడుతున్న నల్లకోటు కుడిచేతికి మాత్రం, చిన్నారావు ఎక్కడ దొరికాడో చూపడానికి ఆమె చుక్క పెట్టినప్పుడు అంటిన సుద్ద అలాగే ఉంది.