కుళాయి నీళ్లు, సీసా నీళ్లు

చిన్ని కన్ను పాడు చేసింది అమ్మేనని ఇంట్లో అందరూ ఎప్పుడో తేల్చేశారు. అందరూ అంటే బోలెడుమంది కాదు, ముగ్గురే. చిన్ని, ఆమె అక్క, ఆఖరికి అమ్మ కూడా.

చిన్ని సిటీ బస్సు నడుపుతుంది. చెమటకు కళ్లజోడు ఊరికే జారిపోతోందని లెన్సులు పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఓ రోజు లెన్సుల డబ్బా జిగటగా ఉందని అమ్మ దాన్ని వంటింటి కుళాయి కింద పెట్టి, గిన్నెల సబ్బుతో తోమి బోర్లించింది. జిడ్డు కనిపిస్తే ఆవిడ చేతులు ఊరుకోవు. కొద్దిరోజులకే చిన్ని ఎడమ కన్ను ఎర్రబడింది. వెలుతురు చూడలేక, నొప్పికి తాళలేక దుప్పటి ముసుగేసుకుని మూలిగింది. ఆస్పత్రిలో కార్నియా మీంచి రవ్వంత గీకి తీసి చూస్తే అందులో అమీబా ఉంది. నీళ్లలో, మట్టిలో హాయిగా బతికే ప్రాణి, దారి తప్పి కంట్లో కాపురం పెట్టింది. చూపు ఎంత మిగులుతుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు పెద్ద డాక్టరు.

అప్పటినుంచీ గంటగంటకూ కంట్లో చుక్కలు వేయాలి. అమ్మ సీసా పట్టుకుని దగ్గరికి వెళితే, "నువ్వు ముట్టుకోకమ్మా" అంది చిన్ని. ఒక్కసారే అంది. ఆ ఒక్క మాటకే అమ్మ ఆ గది గుమ్మం దాటడం మానేసింది. పగలు చిన్ని తనే తడుముకుంటూ వేసుకునేది, అక్క ఇంట్లో ఉంటే అక్క చేత వేయించుకునేది.

పెద్దమ్మాయి ఉద్యోగం ఆ ఆస్పత్రి ల్యాబ్‌లోనే. రోగుల కళ్లలో దొరికిన అమీబాల జన్యువులు చదివి, ఏది ఏ రకమో చెప్పడం ఆమె పని. ఆ సంగతి తెలిసిన అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అది నా కుళాయిలోదేనా, కాదా? నువ్వు తేల్చి చెప్పవే. ఏదో ఒకటి తేలేదాకా నాకు ముద్ద దిగదు."

"చెప్తాలేమ్మా" అంది పెద్దమ్మాయి. ఇంట్లో కుళాయిల నీళ్లు, మిద్దె మీది ట్యాంకు నీళ్లు, లెన్సుల డబ్బా అన్నీ మూటగట్టుకుపోయింది. చివర్లో అద్దం ముందున్న చిన్న సీసాను కూడా ఎవరూ చూడకుండా సంచిలో వేసుకుంది. 

ఎందుకంటే ఆ సీసా ఆమె ఇచ్చిందే. "లెన్సుల సొల్యూషన్ అయిపోతే కుళాయి నీళ్ల జోలికి పోకు, ఇవి డిస్టిల్డ్ వాటర్, వీటితో కడుక్కో" అని ల్యాబ్‌లోని డ్రమ్ము నుంచి పట్టి తెచ్చింది. చిన్ని అలాగే కడుక్కునేది. చదువుకున్నవాళ్ల ధీమా అలాగే ఏడుస్తుంది. ఆ నీళ్లలో ఉప్పూ సున్నమూ ఉండవు నిజమే, అంతమాత్రాన ప్రాణులు ఉండవని ఎవరు చెప్పారు? ల్యాబ్‌లో వాటిని మరగబెట్టి గానీ దేనికీ వాడరు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ, చెల్లెలికి పచ్చి నీళ్లు పట్టిచ్చింది.

అమీబాలకు మేతగా బాక్టీరియా పరిచిన పలకల మీద నీళ్లు చల్లి ఎదురు చూసింది. పలకల మీద అమీబాలు మేసుకుంటూ పోయిన జాడలు కనిపించాయి. వంటింటి కుళాయిలో ఉన్నాయి, సీసాలోనూ ఉన్నాయి, మిగతావాటిలో లేవు. రకం చూస్తే కంట్లోదీ, కుళాయిలోదీ, సీసాలోదీ అన్నీ టీ4.  కానీ టీ4 అన్నది ఇంటిపేరు లాంటిది. లోకంలో ఎక్కడ చూసినా వాళ్లే ఉంటారు, ఇంటిపేరు కలిసిందని ఒకే మనిషి అయిపోరు. మనిషెవరో తెలియాలంటే జన్యువును అక్షరం అక్షరం చదవాలి.

చదివింది. కుళాయిలోది కంట్లోదానితో చాలాచోట్ల కలవలేదు. సీసాలోది మొదటి నుంచి చివరి దాకా కలిసింది. ఎక్కడైనా ఒక్క అక్షరం తేడా దొరక్కపోతుందా అని కళ్లు చించుకుని వెతికింది. దొరకలేదు. 

ల్యాబ్ పెద్ద మేడమ్ కాగితాలు చూసి కుర్చీ దగ్గరికి లాక్కుంది. మంచి మనిషి, పైగా ఈ పిల్లంటే అభిమానం.

"దీనికే ఇంతలా అయిపోతే ఎలా? మీ చెల్లెలు సీసా మూతిని వేళ్లతో తాకి ఉంటుంది. కంట్లోంచి సీసాలోకి వెళ్లి ఉండొచ్చు కదా."

"ఉండొచ్చు మేడమ్."

"మరి ఇంకేం? ఇక్కడితో ఆపెయ్."

పెద్దమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. నిజమే కదా. సీసా దొంగా, కన్ను దొంగా ఎవరు చెప్పగలరు? అమ్మను కుళాయి గొడవ నుంచి తప్పించి, తను సందులోంచి జారుకోవచ్చు. ఆ సంతోషంతోనే చేతులు కడుక్కోవడానికి లేచింది. గది మూల, బల్ల మీద డ్రమ్ము నీలంగా, అమాయకంగా కూర్చుని ఉంది. చెల్లెలి వేళ్లు తాకనిది అదొక్కటే. దాని కుళాయి లోపల దూదిపుల్ల తిప్పి చూస్తే సందేహం ఉండదు. చూడమని ఎవరూ అడగలేదు. ఆమె తల తిప్పుకుని బయటికి వచ్చేసింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళితే అమ్మ కొత్త లెన్సుల డబ్బా కొనుక్కొచ్చి, చిన్నికి ఇవ్వమని పెద్దమ్మాయికే అందించింది. గుమ్మం ఇవతలే నిలబడింది. పెద్దమ్మాయికి అన్నం సయించలేదు.

మర్నాడు డ్రమ్ము కుళాయిలో పుల్ల తిప్పింది. పుల్లకు జిగట అంటింది. జన్యువు చదివే దాకా ఆగకుండానే ఆమెకు తెలిసిపోయింది, అయినా చదివింది. అదే. అక్షరం కూడా తేడా లేదు. మేడమ్‌కు చూపించి, డ్రమ్ము పక్కన పెట్టించి, సెలవు చీటీ రాసి ఇంటికి నడిచింది. దారిపొడుగునా ఎలా మొదలుపెట్టాలా అని మాటలు కూడబలుక్కుంది. గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఒక్కటీ గుర్తులేదు.

"అమ్మా, నీ కుళాయిది కాదు."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "మరి?"

"నేనిచ్చిన సీసా. మా ల్యాబ్ డ్రమ్ములోనే ఉంది."

గదిలో మంచం కిర్రుమంది. చిన్ని నల్లకళ్లజోడు పెట్టుకుని గోడ పట్టుకుంటూ వచ్చింది.

"అవి శుభ్రమైన నీళ్లన్నావు కదక్కా."

"అన్నాను."

"కుళాయి నీళ్లయితే కన్ను పోతుందన్నావు."

"అన్నాను. తిట్టవే, ఏదో ఒకటి అను నన్ను."

చిన్ని కంటే ముందు అమ్మే అందుకుంది. "పోనీలేవే. అది నీ మంచి కోరే ఇచ్చింది."

"నువ్వూ మంచి కోరే కడిగావు కదమ్మా" అంది చిన్ని. "నిన్ను ఇన్నాళ్లూ గుమ్మంలో నిలబెట్టాను."

చుక్కల వేళయింది. పెద్దమ్మాయి అలవాటుగా మందు సీసా కోసం చెయ్యి చాచింది. చిన్ని తడిమి ఆ సీసా తనే ముందు తీసుకుని, అమ్మ ఉన్నవైపు చాపింది. కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తీసి, తల వెనక్కి వాల్చింది.

అమ్మ సీసా వంచింది. చుక్క కంట్లో పడకుండా చెంప మీద పడింది. ఆవిడ కంగారుగా ఒకడుగు వెనక్కి వేసింది.

"మళ్లీ వెయ్యమ్మా" అంది చిన్ని, తల కదపకుండా.