బూస్టర్ తీసేసిన బండి

ఆ రోజుల్లో పెట్రోలు కారుకి పాత డీజిల్ ఇంజను బిగించుకోని షావుకారు జగ్గయ్యపేటలో లేడంటే నమ్మాలి. ఖర్చు కలిసొస్తుందని చెప్పేవాళ్ళే గానీ బ్రేకుల మాట ఎత్తిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. పెట్రోలు ఇంజను గాలి లాగుతుంటే ఆ బలంతో బ్రేకు బూస్టర్ పనిచేస్తుంది, కాలు ఆనిస్తే చాలు, బండి ఆగుతుంది. డీజిల్ ఇంజను అలా లాగదు. అందుకని నందిగామ మేస్త్రి స్తెఫను బూస్టర్ పీకేసి, పెడల్ కడ్డీని నేరుగా బ్రేకు సిలిండరుకి కలిపేసేవాడు. ఇక బండిని ఆపాల్సింది మనిషి కాలే.

నాగవల్లి కాంటెస్సా కారుకీ అలాగే చేశాడు. షుగరుతో మొగుడి చూపు పోయాక పత్తి, మిరప బేరాలన్నీ ఆవిడే నెత్తికెత్తుకుంది. తనే కారు తోలుకుంటూ ఊరూరా తిరిగేది. అది బావగారు జగన్నాథరావుకి కంట్లో నలుసైంది. తన మనిషినొకణ్ణి డ్రైవరుగా పెడితే ఏ రైతుతో ఏం బేరం కుదిరిందో సాయంత్రానికల్లా తన చెవిన పడుతుంది, ఆపైన వ్యాపారమూ చేతికొస్తుంది. ఆయన ఎత్తు నాగవల్లికి తెలుసు. వాళ్ళ మధ్య నాలుగు మాటలు విన్న స్తెఫనుకీ తెలిసింది.

మేస్త్రి దగ్గర్నుంచి కారు తీసుకునే రోజు బ్రేకు బరువుగా ఉందని ఆవిడ రెండుసార్లు అంది. అలవాటవుతుందిలెండి అన్నాడు స్తెఫను. అలాగైతే గరికపాడు దాకా పోయి చూద్దామన్నాడు వెంట వచ్చిన జగన్నాథరావు. ఆయన వెనక కూర్చున్నాడు, స్తెఫను ముందు సీట్లో, స్టీరింగు దగ్గర ఆవిడ.

గరికపాడు ధాబాల దగ్గర ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. నాగవల్లి బ్రేకు తొక్కింది. వేగం తగ్గింది గానీ తగ్గాల్సినంత తగ్గలేదు. లారీ వెనక చెక్కలు మీదమీదకి వస్తున్నాయి. స్తెఫను పెడల్ లేనిచోట తన కాలు అదిమాడు. ఆవిడ వీపు సీటుకి ఆనించి, రెండు కాళ్ళూ పెడల్ మీద వేసి, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టింది. లారీకి జానెడు దూరంలో కారు ఆగింది. ఇంజనూ ఆగింది.

జగన్నాథరావు వెనక సీట్లోంచి ముందుకు వంగాడు. మాటకి తడుముకోలేదు.

"ఇక చాల్లేమ్మా. ఆడదాని కాలికి ఆగే బండి కాదిది. రేపట్నుంచి డ్రైవరొస్తాడు. ఏమయ్యా స్తెఫనూ, నిజమేనా?"

అవునండి అంటే సరిపోయేది. పాతికేళ్ళ పేరు నిలిచేది, ఎవరూ ఇంకో మాట అడిగేవారు కారు. స్తెఫను ఆవిడ కాళ్ళకేసి చూశాడు. అవింకా పెడల్ మీదే ఉన్నాయి. సిగ్గుతో అతని తల వంగిపోయింది.

"కాదండి. తప్పు నాది. పెడల్‌కి అంగుళం పైన ఇంకో రంధ్రం వేసి కడ్డీ అక్కడ బిగించాలి, అప్పుడే కొద్ది బలానికి బండి ఆగేది. నా కాలితో తొక్కి చూసుకుని, బానే ఉంది కదా అని వదిలేసా. నాది లారీలు తోలిన కాలండి. ఈవిడ చెబుతూనే ఉన్నారు, నేనే వినలా."

"చచ్చేవాళ్ళం మేస్త్రి గారూ," అంది నాగవల్లి నెమ్మదిగా.

"అవునండి," అన్నాడు.

తాళాలు అతని చేతికిచ్చి ఆవిడ పక్క సీట్లోకి మారింది. కారుని నందిగామ దాకా మెల్లగా, దూరంగా ఉండగానే బ్రేకు తొక్కుకుంటూ తెచ్చాడు. దారంతా జగన్నాథరావు కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూర్చున్నాడు.

ఈసారి స్తెఫను పెడల్ మీద కాలు పెట్టలేదు. ఆవిణ్ణే సీట్లో కూర్చోబెట్టి తొక్కమన్నాడు. చాలదంది. రంధ్రం మార్చాడు. ఇంకా చాలదంది. సిలిండరు విప్పి, తక్కువ బలానికే పనిచేసే చిన్నది వేశాడు. చాలు అని ఆవిడ నోటివెంట వచ్చేసరికి పొద్దువాలింది.

మర్నాడు జగన్నాథరావు పంపిన డ్రైవరు తెల్లచొక్కా వేసుకుని ఆవిడ కొట్టు దగ్గరికొచ్చాడు. తోలడానికి అక్కడ కారు లేదు. నాగవల్లి ఒక్కతే మైలవరం బయల్దేరి అప్పటికి గంటయింది.